తాత్కాలిక చిరునామా

మానవుడు తాను తెలుసుకొన్న విషయాలను భద్రపరచుకోవడానికి అనాదిగా ఎన్నో సాధనాలను ఆశ్రయించాడు. శిలలపై చెక్కాడు. రాగిరేకులపై మలిచాడు. తాటాకులపై గంటంతో రాశాడు. కాగితంపై అచ్చొత్తాడు. అయితే భద్రపరచడం ఒక ఎత్తు, భద్రపరచినదాన్ని అవసరానికి వెదికి తీయడం మరొక ఎత్తు. గ్రంథాలయంలో లక్ష పుస్తకాలున్నా, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో తెలిపే పట్టిక లేకపోతే పాఠకుడికి అవి లేనట్లే లెక్క. కంప్యూటర్ విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. దాని స్మృతిలో, అనగా మెమరీలో, కోట్లాది అక్షరాలు నిలువ ఉంటాయి. ప్రతి అక్షరానికీ ఒక చిరునామా ఉండాలి. చిరునామా లేని స్మృతి ఉన్నా ప్రయోజనం లేదు. స్మృతి విస్తారంగా పెరిగి, చిరునామాలు చాలని పరిస్థితి ఒకప్పుడు కంప్యూటర్ శాస్త్రజ్ఞులకు ఎదురైంది. ఆ చిక్కును వారు తాత్కాలిక చిరునామా అనే ఉపాయంతో పరిష్కరించారు. ఆ ఉపాయాన్ని, దానిని వాడడంలో పాటించవలసిన క్రమశిక్షణను వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

గింజలోని సారం

కంప్యూటర్‌లో ఒకే సమయంలో అనేక ప్రోగ్రాములు పనిచేస్తుంటాయి. ఒకటి ఉత్తరం రాస్తుంది, మరొకటి పాట వినిపిస్తుంది, ఇంకొకటి లెక్కలు కడుతుంది. వీటన్నిటికీ స్మృతిని, ప్రాసెసర్ సమయాన్ని పంచిపెట్టి, ఒకదాని పనికి మరొకటి అడ్డు రాకుండా చూసే పెద్దదిక్కును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అందులోని అత్యంత ముఖ్యమైన భాగం కెర్నెల్. ఆ ఇంగ్లీషు మాటకు గింజలోని పప్పు అని అర్థం. నల్గొండ జిల్లాలోని మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందిన పట్టణం. అక్కడి మిల్లులో వడ్లను ఆడించి ఊకను తొలగిస్తే లోపల మిగిలే బియ్యపు గింజ వంటిదే కెర్నెల్. తెరపై కనిపించే బొమ్మలు, అక్షరాలు, బొత్తాలు అన్నీ పైపొట్టు. లోపల ఉండి సమస్తాన్ని నడిపించేది కెర్నెల్.

ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991వ సంవత్సరంలో ఒక కెర్నెల్‌ను రాసి లోకానికి విడుదల చేశాడు. అదే లినక్స్. దాని మూలరచనను ఎవరైనా చదువవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. నేడు మహా కంప్యూటర్ల మొదలు ఆండ్రాయిడ్ ఫోన్ల వరకు అసంఖ్యాకమైన యంత్రాలు ఈ కెర్నెల్‌తోనే నడుస్తున్నాయి. తాత్కాలిక చిరునామా అనే విషయాన్ని తెలుసుకోవడానికి లినక్స్ చక్కని ఉదాహరణ.

ఒకే ఇంటి నంబరు, మూడు ఊళ్లు

సూర్యాపేటలో 5-12 నంబరు గల ఇల్లు ఒకటి ఉందని, అదే నంబరుతో కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి ఉన్నాయని ఊహించవచ్చు. ఇంటి నంబరు ఒక్కటే అయినా ఇళ్లు వేరు, అందులో నివసించే కుటుంబాలు వేరు. సూర్యాపేట తపాలా బంట్రోతు 5-12 అని చదివి వెళ్లే గుమ్మం వేరు, కోదాడ బంట్రోతు వెళ్లే గుమ్మం వేరు. ఏ ఊరి నంబరు ఆ ఊరికే చెల్లుతుంది కాబట్టి ఉత్తరాలు తారుమారు కావు.

కంప్యూటర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామూ ఇటువంటి ఒక ఊరు. దానికి సొంత చిరునామాలుంటాయి. ఇవి కల్పిత చిరునామాలు. స్మృతి ఫలకాలపై గల అసలు స్థానాలను తెలిపేవి భౌతిక చిరునామాలు. కల్పిత చిరునామా ఏ భౌతిక స్థానాన్ని సూచిస్తుందో తెలిపే పట్టికను కెర్నెల్ ప్రతి ప్రోగ్రాముకూ విడివిడిగా తయారుచేసి ఉంచుతుంది. దీనిని పేజీ పట్టిక అంటారు. ప్రాసెసర్ ప్రతి చిరునామాను ఈ పట్టికలో చూసి, అసలు చోటును గుర్తిస్తుంది. ఒక ప్రోగ్రాము పొరపాటున గాని దురుద్దేశంతో గాని మరొక ప్రోగ్రాము స్మృతిలోకి తొంగిచూడకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది. ఈ ఆలోచనకు ఆద్యమైన యంత్రం ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో రూపొందిన అట్లాస్ కంప్యూటర్. అది 1962వ సంవత్సరంలో పనిచేయడం ప్రారంభించింది.

ఒక్కొక్క అక్షరానికి పట్టికలో ఒక్కొక్క వరుస కేటాయిస్తే పట్టికే స్మృతి కంటే పెద్దదవుతుంది. అందువలన స్మృతిని సమాన భాగాలుగా విభజించి, భాగానికొక వరుస చొప్పున రాస్తారు. ఆ భాగాన్ని పేజీ అంటారు. 1985లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 80386 ప్రాసెసర్‌లో పేజీ పరిమాణం 4096 బైట్లు. నేటికీ చాలా కంప్యూటర్లలో ఇదే పరిమాణం కొనసాగుతున్నది.

అంకెలు చాలని వేళ

తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ విధానాన్ని ప్రవేశపెట్టింది. సూర్యాపేటకు 508213, కోదాడకు 508206, మిర్యాలగూడకు 508207 అనే సంఖ్యలు లభించాయి. ఇవన్నీ ఆరంకెల సంఖ్యలు. ఆరంకెలతో ఏర్పడగల సంఖ్యలు మొత్తం పది లక్షలకు మించవు. దేశంలో పది లక్షలకు మించిన తపాలా కార్యాలయాలకు వేర్వేరు సంఖ్యలు ఇవ్వవలసి వస్తే ఆరంకెలు చాలవు. చిరునామాలో ఎన్ని అంకెలున్నాయన్న దానిని బట్టి, ఎన్ని చోట్లకు పేరు పెట్టగలమన్నది తేలిపోతుంది.

80386 వంటి ప్రాసెసర్ల చిరునామాలో 32 ద్విసంఖ్యాంకాలు, అనగా 32 బిట్లు ఉంటాయి. ప్రతి బిట్టు సున్న గాని ఒకటి గాని కావచ్చు. కాబట్టి ఏర్పడగల చిరునామాలు 429,49,67,296. దీనినే 4 గిగాబైట్లు అంటారు. 1991లో సామాన్య కంప్యూటర్లలో కొద్ది మెగాబైట్ల స్మృతి మాత్రమే ఉండేది. నాటి దృష్టికి 4 గిగాబైట్లు తరగని గనిగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఈ 4 గిగాబైట్ల చిరునామాలను లినక్స్ రెండు వాటాలు చేసింది. మొదటి 3 గిగాబైట్లు ప్రోగ్రాములకు, చివరి 1 గిగాబైటు కెర్నెల్‌కు కేటాయించింది. తన వాటాలో 896 మెగాబైట్ల చిరునామాలను కెర్నెల్ భౌతిక స్మృతికి వరుసగా, శాశ్వతంగా జోడించుకొన్నది. మిగిలిన 128 మెగాబైట్ల చిరునామాలను పరికరాలకు, ఇతర అవసరాలకు అట్టిపెట్టుకొన్నది. యంత్రంలోని స్మృతి 896 మెగాబైట్ల లోపు ఉన్నంతకాలం ఏ చిక్కూ లేదు. కెర్నెల్ తలచుకొన్న చోటును తలచుకొన్న క్షణంలో చేరగలిగేది.

కాలక్రమంలో స్మృతి ఫలకాల ధరలు తగ్గాయి, పరిమాణాలు పెరిగాయి. 1995లో వెలువడిన పెంటియం ప్రో ప్రాసెసర్ భౌతిక చిరునామాలను 36 బిట్లకు పెంచి, 64 గిగాబైట్ల స్మృతిని అమర్చుకొనే వీలు కల్పించింది. కాని కల్పిత చిరునామా మాత్రం 32 బిట్ల దగ్గరే నిలిచిపోయింది. దానితో విచిత్రమైన స్థితి ఏర్పడింది. యజమాని డబ్బు పెట్టి కొన్న స్మృతి యంత్రంలో ఉంది. కాని కెర్నెల్‌కు దానిని చేరే చిరునామా లేదు. పొలం ఉండి బాట లేని రైతు స్థితి అది. శాశ్వత చిరునామా గల మొదటి 896 మెగాబైట్లను దిగువ స్మృతి అని, అటువంటి చిరునామా లేని మిగిలిన భాగాన్ని ఎగువ స్మృతి అని వ్యవహరించసాగారు.

ఎగువ స్మృతిని ప్రోగ్రాములు తమ పేజీ పట్టికల ద్వారా నేరుగానే వాడుకోగలవు. అయినా కెర్నెల్ దాని జోలికి పోక తప్పదు. ఉదాహరణకు కోదాడలో ఒక ఇంటర్‌నెట్ కేంద్రాన్ని ఊహించవచ్చు. ఒక వినియోగదారుడు తన బ్యాంకు వివరాలు టైపు చేసి, పని ముగించుకొని వెళ్లాడు. ఆ ప్రోగ్రాము వాడిన పేజీ ఖాళీ అయింది. దానినే కెర్నెల్ మరొక ప్రోగ్రాముకు ఇవ్వాలి. ఆ పేజీని ఉన్నదున్నట్లుగా ఇచ్చివేస్తే మొదటివాని రహస్యం రెండవవాని చేతిలో పడుతుంది. కనుక ఇచ్చేముందు ఆ పేజీలోని 4096 బైట్లనూ సున్నలతో నింపి శుభ్రపరచాలి. అతిథి వెళ్లిన గదిని ఊడ్చి మరొక అతిథికి ఇచ్చినట్లే ఇది. గదిని ఊడ్వాలంటే లోపలికి వెళ్లే దారి ఉండాలి కదా! ఎగువ స్మృతిలోని పేజీకి కెర్నెల్ వద్ద ఆ దారి లేదు.

ట్రంకు కాల్ ఉపాయం

ఈ చిక్కుకు దొరికిన పరిష్కారం నేటి తరానికి తెలియని పాత టెలిఫోన్ పద్ధతిని గుర్తుకు తెస్తుంది. ఒకప్పుడు సూర్యాపేట నుండి మరొక ఊరికి ఫోన్‌లో మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి వేచి ఉండవలసి వచ్చేది. ఊళ్ల మధ్య ఉండే లైన్లు కొన్నే. మాట్లాడవలసినవారు ఎందరో. ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు ఖాళీగా ఉన్న లైనును చూసి, ఇరువైపులా కలిపేవాడు. మాటలు పూర్తికాగానే విడదీసి, అదే లైనును మరొకరికి ఇచ్చేవాడు. ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. మిర్యాలగూడలోని ఫోన్ మిర్యాలగూడలోనే ఉండేది, సూర్యాపేటలోని ఫోన్ సూర్యాపేటలోనే ఉండేది. వాటి మధ్య కొద్ది నిమిషాల సంబంధం మాత్రం ఏర్పడేది.

కెర్నెల్ కూడా తన వాటాలోని కొన్ని చిరునామాలను ట్రంకు లైన్ల వలె విడిగా ఉంచుకొంటుంది. ఎగువ స్మృతిలోని ఒక పేజీతో పని పడినప్పుడు నాలుగు మెట్లలో వ్యవహరిస్తుంది. మొదట ఖాళీ చిరునామాను ఒకదానిని తీసుకొంటుంది. రెండవ మెట్టులో పేజీ పట్టికలో ఆ చిరునామా ఎదుట కావలసిన పేజీ స్థానాన్ని రాస్తుంది. మూడవ మెట్టులో ఆ చిరునామా ద్వారా పేజీని చదువుతుంది లేదా దానిలో రాస్తుంది. నాలుగవ మెట్టులో సంబంధాన్ని తెంచి, చిరునామాను మరొకరికి అందుబాటులో ఉంచుతుంది. పేజీలోని సమాచారం ఉన్నచోటి నుండి ఒక్క బైటు కూడా కదలదు. మారేది పట్టికలోని ఒక్క వరుస. దీనినే స్మృతికి తాత్కాలిక అనుసంధానం అంటారు. 1999లో లినక్స్ ప్రయోగదశ ప్రతులలో రూపుదిద్దుకొన్న ఈ ఏర్పాటు, 2001 జనవరిలో విడుదలైన 2.4వ ప్రతి ద్వారా అందరికీ అందింది.

వంతు కోసం నిరీక్షణ

ఈ అనుసంధానంలో మొదటి పద్ధతి పేరు కె-మ్యాప్. దీనికోసం కెర్నెల్ 1024 చిరునామా స్థానాలను కేటాయించింది. 36 బిట్ల విధానంలో నడిచే యంత్రాలలో ఇవి 512 మాత్రమే. ఈ సంఖ్య ఎంత చిన్నదో ఒక లెక్క ద్వారా తెలుస్తుంది. 4 గిగాబైట్ల స్మృతి గల యంత్రంలో 896 మెగాబైట్లు పోగా 3200 మెగాబైట్లు ఎగువ స్మృతి అవుతుంది. దానిని పేజీలుగా విభజిస్తే 8,19,200 పేజీలు. ఇన్ని పేజీలకు ఉన్నవి 1024 స్థానాలు. అనగా ఒక్కొక్క స్థానానికి 800 పేజీలు పోటీపడుతున్నాయన్నమాట.

స్థానాలన్నీ నిండి ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన పని నిద్రలోకి జారుకోవాలి. ఎవరో ఒకరు తమ స్థానాన్ని ఖాళీ చేసినప్పుడు కెర్నెల్ దానిని మేల్కొలుపుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని రైతులకు ఈ నిరీక్షణ కొత్త కాదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైన ఆ ప్రాజెక్టు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల మాగాణులకు ప్రాణాధారం. నీరు సమృద్ధిగా ఉన్న ఏడు ఎవరూ ఎవరికోసమూ ఆగనవసరం లేదు. నీరు తగ్గిన ఏడు వంతులవారీగా నీరు వదులుతారు. తన వంతు ముగిసినా తూమును మూయని రైతు ఒక్కడున్నా దిగువన ఉన్న పొలం ఎండుతుంది. తీసుకొన్న చిరునామాను తిరిగి ఇవ్వని ప్రోగ్రాము కూడా అంతటి నష్టాన్నే కలిగిస్తుంది. రోజుకొక స్థానం చొప్పున మరచినా, కొంతకాలానికి స్థానాలన్నీ అడుగంటి, యంత్రం యావత్తు స్తంభించిపోతుంది.

ఎవరూ మరువకపోయినా ముప్పు తప్పని సందర్భం కూడా ఉంది. 512 స్థానాలు గల యంత్రంలో 512 పనులు ఒకేసారి ప్రారంభమై, ప్రతి పనికీ రెండేసి పేజీలు కావలసి వచ్చాయని ఊహిస్తే ఆ ముప్పు బోధపడుతుంది. ప్రతి పనీ మొదటి పేజీకి ఒక స్థానం పొందింది. దానితో స్థానాలన్నీ నిండాయి. రెండవ పేజీ కోసం అన్నీ నిద్రలోకి జారుకొన్నాయి. రెండవది లభిస్తే తప్ప ఏ పనీ మొదటిదానిని విడువదు. ఏదో ఒకటి విడిస్తే తప్ప ఎవరికీ రెండవది లభించదు. నియమం తప్పినవారు లేకున్నా అందరూ శాశ్వతంగా ఆగిపోతారు. దీనిని ప్రతిష్టంభన అంటారు. ఇటువంటి ఆపదను ముందే ఊహించి, ఒకే పని రెండు కె-మ్యాప్ స్థానాలను పట్టుకొని కూర్చోకుండా జాగ్రత్తపడడం కెర్నెల్ రచయితల బాధ్యత.

నిద్రపోరాని పని

కొన్ని పనులకు నిద్రించే వీలు ఉండదు. తీగ వెంట వచ్చిన సమాచారాన్ని వెంటనే అందుకోవాలి. డిస్కు పిలిచిన వెంటనే పలకాలి. ఇటువంటి వాటికోసం ఏర్పడిన రెండవ పద్ధతి కె-మ్యాప్ అటామిక్. ఇందులో ప్రతి ప్రాసెసర్‌కూ కొద్ది స్థానాలు సొంతంగా ఉంటాయి. వేరొక ప్రాసెసర్ వాటిని తాకదు కాబట్టి వంతు కోసం వేచి ఉండవలసిన అవసరం లేదు. అయితే దీనికి కఠినమైన నియమం ఉంది. స్థానం చేతిలో ఉన్నంతసేపు ఆ పని నిద్రపోరాదు, మరొక పనికి చోటు ఇవ్వరాదు. ఇస్తే ఆ వచ్చిన పని అదే స్థానాన్ని మరొక పేజీకి జోడించవచ్చు. మొదటి పని తిరిగి వచ్చి తన పేజీ అనుకొని రాసే రాత వేరొకరి పేజీలో పడుతుంది.

రెండవ పద్ధతి వేగవంతమైనది కూడా. ఆ వేగానికి కారణం తెలుసుకోవాలంటే ప్రాసెసర్‌కు గల ఒక అలవాటును గమనించాలి. ప్రతిసారీ పేజీ పట్టికను తిరగవేయడం ఆలస్యం కాబట్టి, ఇటీవల చూసిన వరుసలను ప్రాసెసర్ తనలోని టి.ఎల్.బి. అనే చిన్న జ్ఞాపకంలో ఉంచుకొంటుంది. చాలాకాలంగా ఒకే వీధిలో తిరిగే తపాలా బంట్రోతు పుస్తకం చూడకుండానే ఇల్లు చెప్పగలిగినట్లే ఇది. కాని ఆ ఇంట్లోవారు మారిపోయిన సంగతి బంట్రోతుకు చెప్పకపోతే ఉత్తరం పాతవారి పేరిట కొత్తవారి చేతికి చేరుతుంది. అదే విధంగా పట్టికలో వరుస మారినప్పుడు ప్రాసెసర్ పాత జ్ఞాపకాన్ని చెరిపివేయాలి. కె-మ్యాప్ స్థానాలు అన్ని ప్రాసెసర్లకూ ఉమ్మడి సొత్తు. కాబట్టి వాటిని తిరిగి వాడేముందు యంత్రంలోని ప్రాసెసర్లన్నిటికీ కబురు పంపాలి. అటామిక్ పద్ధతిలో ఆ ఒక్క ప్రాసెసర్ జ్ఞాపకాన్ని చెరిపితే చాలు.

మొదట్లో అటామిక్ స్థానాలకు వేర్వేరు పేర్లుండేవి. ఏ పనికి ఏ పేరు గల స్థానం వాడాలో రచయిత గుర్తుంచుకోవలసి వచ్చేది. 2011 జనవరిలో విడుదలైన 2.6.37వ ప్రతి నుండి ఆ పేర్ల బెడద తగ్గింది. స్థానాలు పళ్లాల దొంతర వలె అమరాయి. చివర పెట్టిన పళ్లాన్ని మొదట తీసినట్లు, చివర కలిపిన పేజీని మొదట విడదీయాలి. ఒక పేజీలోని సమాచారాన్ని మరొక పేజీలోకి నకలు చేసే సందర్భంలో రెండు పేజీలకూ ఒకేసారి చిరునామాలు కావాలి. అప్పుడు ముందుగా కలిపినదానిని చివరికి విడదీయాలన్న నియమాన్ని తప్పక పాటించాలి.

మిర్యాలగూడ రెండు పేజీలలో

తెలుగు అక్షరాలతోనే ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. ప్రపంచ భాషల లిపులకు సంఖ్యలను కేటాయించే యూనికోడ్ విధానం తెలుగుకు 128 స్థానాలు గల ఒక విభాగాన్ని ప్రత్యేకించింది. యు.టి.ఎఫ్.-8 అనే పద్ధతిలో రాసినప్పుడు ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు అన్నీ విడివిడి సంకేతాలే. ఈ లెక్కన కోదాడ అనే పేరులో 5 సంకేతాలు, 15 బైట్లు. సూర్యాపేటలో 9 సంకేతాలు, 27 బైట్లు. మిర్యాలగూడలో 10 సంకేతాలు, 30 బైట్లు.

ఒక ఫైలులో మిర్యాలగూడ అనే పేరు పేజీలోని 4085వ బైటు వద్ద మొదలైందని ఊహిస్తే, పేజీ ముగిసేసరికి 12 బైట్లకే చోటు ఉంటుంది. మకారం, ఇత్వం, రేఫ, పొల్లు అనే నాలుగు సంకేతాలు మొదటి పేజీలో పడతాయి. యకారం మొదలుకొని మిగిలిన ఆరు సంకేతాల 18 బైట్లు రెండవ పేజీలోకి పోతాయి. చదువరికి ఒకే సంయుక్తాక్షరంగా కనిపించే 'ర్యా' మధ్యలో తెగిపోతుంది. ఫైలులో ఈ రెండు పేజీలు పక్కపక్కనే ఉన్నా, భౌతిక స్మృతిలో ఎక్కడెక్కడో ఉండవచ్చు. ఆ పేరును ప్రోగ్రాముకు అందించాలంటే కెర్నెల్ మొదటి పేజీని కలిపి 12 బైట్లు నకలు చేయాలి. దానిని విడదీసి, రెండవ పేజీని కలిపి మిగిలిన 18 బైట్లు నకలు చేయాలి. మొదటి పేజీని విడదీసిన తరువాత కూడా పాత చిరునామాతోనే చదవబోతే అక్కడ దొరికేది వేరెవరి సమాచారమో కావచ్చు. రైతు పేరు, ధాన్యం తూకం, చెల్లించవలసిన సొమ్ము వంటి వివరాలు ఇటువంటి పేజీలలోనే ఉంటాయి. చిరునామా విషయంలో జరిగే చిన్న ఏమరుపాటు తెరపై ఏ హెచ్చరికా లేకుండా ఒకరి లెక్కను మరొకరి లెక్కలో కలిపివేయగలదు. కెర్నెల్‌లో దొర్లే దోషాలలో వెదికి పట్టుకోవడానికి మిక్కిలి కష్టమైనవి ఇవే.

కొత్త యుగంలో పాత ఉపాయం

ఏ.ఎం.డి. సంస్థ 2003లో ఆప్టెరాన్ అనే 64 బిట్ల ప్రాసెసర్‌ను విడుదల చేసింది. ఈ తరగతి ప్రాసెసర్లు కల్పిత చిరునామాలకు 48 బిట్లను వాడుకొంటూ, 256 టెరాబైట్ల మేరకు చోట్లకు పేరు పెట్టగలిగాయి. యంత్రంలోని స్మృతినంతటినీ కెర్నెల్ శాశ్వతంగా జోడించుకొనే వీలు కలిగింది. ఎగువ స్మృతి, దిగువ స్మృతి అనే భేదం అక్కడ తొలగిపోయింది. కె-మ్యాప్‌ను అడిగితే ఇదివరకే ఉన్న చిరునామాను అది వెంటనే తెలుపుతుంది. అయినప్పటికీ 32 బిట్ల యంత్రాలు ఒక్కసారిగా మాయం కాలేదు. 32 బిట్ల ప్రాసెసర్‌తో, ఒక గిగాబైటుకు మించిన స్మృతితో వచ్చిన ఫోన్లలోనూ ఈ ఉపాయం అవసరమైంది.

అటామిక్ పద్ధతిలోని కఠిన నియమం కూడా క్రమంగా భారమైంది. ఫైలులోని సమాచారాన్ని ప్రోగ్రాముకు నకలు చేసే సమయంలో, ప్రోగ్రాము పేజీ అప్పటికి స్మృతిలో లేకపోతే దానిని డిస్కు నుండి తెప్పించాలి. అందుకు ఆగాలి. ఆగడానికి నియమం ఒప్పుకోదు. ఈ ఇబ్బందిని తొలగించడానికి థామస్ గ్లైక్స్‌నర్ రూపొందించిన కె-మ్యాప్ లోకల్ అనే పద్ధతి 2021 ఫిబ్రవరిలో విడుదలైన 5.11వ ప్రతిలో చేరింది. ఇందులో తాత్కాలిక చిరునామా ప్రాసెసర్‌కు బదులు ఆ పనికి చెందుతుంది. పని మధ్యలో ఆగితే దాని అనుసంధానాలను కెర్నెల్ గుర్తుంచుకొని, అది మళ్లీ మొదలైనప్పుడు యథాతథంగా నెలకొల్పుతుంది. కొత్త రచనలలో పాత రెండు పద్ధతులకు బదులుగా దీనినే వాడాలని కెర్నెల్ నిర్వాహకులు సూచిస్తున్నారు.

చిరునామాలు సమృద్ధిగా ఉన్న 64 బిట్ల యంత్రాలలో కూడా తాత్కాలిక అనుసంధానం మరొక ప్రయోజనానికి ఉపకరిస్తున్నది. కెర్నెల్ ఆజ్ఞలున్న పేజీలలో ఎవరూ రాయకుండా వాటిని చదవడానికి మాత్రమే అనుమతిస్తారు. కాని కొన్ని సందర్భాలలో కెర్నెలే తన ఆజ్ఞలను సవరించుకోవలసి వస్తుంది. ఆ సమయంలో తలుపును అందరికీ తెరిచిపెడితే దుర్మార్గులు చొరబడవచ్చు. అందుకని 2019లో విడుదలైన 5.2వ ప్రతి నుండి, సవరణ చేసే ప్రాసెసర్‌కు మాత్రమే కనిపించే తాత్కాలిక చిరునామాను ఏర్పరచి, దాని ద్వారా మార్పు చేసి, వెంటనే తొలగిస్తున్నారు. కొరతను తీర్చడానికి పుట్టిన ఉపాయం ఈ విధంగా రక్షణకు కూడా సాధనమైంది.

ఉపసంహారం

హైదరాబాదు, విజయవాడలను కలిపే జాతీయ రహదారిపై సూర్యాపేట, కోదాడ పట్టణాలున్నాయి. ఆ దారిలో ప్రయాణించేవారి చేతులలోని ఫోన్లలో కెర్నెల్ క్షణానికి ఎన్నో వేల మార్లు పేజీలను కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది. అది సక్రమంగా జరిగినంతకాలం దాని ఉనికి ఎవరికీ తెలియదు. దాని మూలరచన అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి, మిర్యాలగూడలోని విద్యార్థి కూడా దానిని తెరిచి చదివి, లోపాలుంటే సవరణ సూచించవచ్చు. అందుకు కావలసినవి ఓర్పు, తర్కజ్ఞానం, సాధన. పరిమితమైన వనరును పదిమంది పంచుకొనే చోట ప్రతివారూ పాటించవలసిన మర్యాద ఒకటి ఉంది. కావలసినంత మాత్రమే తీసుకోవాలి, పని ముగిసిన వెంటనే తిరిగి ఇవ్వాలి, ఇచ్చిన తరువాత అది తనదనుకోరాదు. కాలువ నీటి విషయంలో పెద్దలు ఎరిగిన ఈ మర్యాదనే కెర్నెల్ రచయితలు నియమాలుగా రాసుకొన్నారు.

ప్రశ్నలు

1. కల్పిత చిరునామాకు, భౌతిక చిరునామాకు గల భేదాన్ని ఇంటి నంబర్ల ఉదాహరణతో వివరించండి.
2. ఎగువ స్మృతి అనగానేమి? అది ఏర్పడడానికి కారణమేమి?
3. ఏ పనీ నియమం తప్పకపోయినా ప్రతిష్టంభన ఎట్లా ఏర్పడుతుందో తెలపండి.
4. ఖాళీ అయిన పేజీని మరొక ప్రోగ్రాముకు ఇచ్చేముందు సున్నలతో నింపకపోతే కలిగే నష్టమేమి?
5. మీ ఊరి పేరు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఎన్ని బైట్లు ఆక్రమిస్తుందో లెక్కించండి.